డీజిలు పికప్‌కు ఆటోమేటిక్ గేర్లా?

కడియం: మొక్కల లోడుతో పాత డీజిలు పికప్ నర్సరీ నుంచి రోడ్డెక్కేసరికి డ్రైవరు ఎడమకాలు పీకుతుంది. తడిమట్టి సంచులతో సహా మొక్కలంటే బరువు తక్కువేమీ కాదు. కడియపులంక, బుర్రిలంక తోటల బాటల్లో క్లచ్చి సగం నొక్కి బండిని పాకించాల్సిందే. ప్లేటు అరిగేది అక్కడే. క్లచ్చి పెడలే లేని ఆటోమేటిక్ గేరుబాక్సు వేయిస్తే పోలేదా అనిపించడం సహజం.

అందులో క్లచ్చి పనిని నూనె చేస్తుంది. తిరుగుతున్న ఫ్యాను ఎదుట ఇంకో ఫ్యాను పెడితే ఆ గాలికి అదీ తిరుగుతుంది కదా! ఇక్కడ గాలికి బదులు నూనె, అంతే తేడా. అయితే ఆ నూనె బాగా వేడెక్కుతుంది. కూలరు వేయకుండా బరువు లాగిస్తే పెట్టె మాడిపోతుంది.

పాత కారు పెట్టె తెచ్చి బిగించేద్దామంటే చిక్కుంది. పాత రకం పెట్టెల్లో చాలా వాటికి ఇంజను మీద బరువెంతో తెలిసేది పెట్రోలు ఇంజను గాలి పీల్చే లాగుడును బట్టి. డీజిలు ఇంజనులో ఆ లాగుడు ఉండదు. దానికి వేరే పంపు, వాల్వు కావాలి. పైగా పెట్రోలు కారు గేరు మారే వేగం డీజిలుకు చాలా ఎక్కువ. ఇంజను గోలపెడుతుందేగాని గేరు పడదు.

అమెరికాలో ఈ మార్పిడి పాత ముచ్చటే. 1982లో జనరల్ మోటార్సు 6.2 లీటర్ల డీజిలు పికప్‌లు తెచ్చింది. బరువు బండ్లకు వేసిన మూడు గేర్ల పెట్టె గట్టిది. దాన్ని తీసి నాలుగు గేర్లది వేసుకున్నవారున్నారు. నాలుగో గేరులో ఇంజను 70 చుట్లు తిరిగితే వెనుక షాఫ్టు 100 చుట్లు తిరుగుతుంది. హైవే మీద డీజిలు కలిసొస్తుంది. కాని ఆ పెట్టె మొదటిదంత మొండిది కాదు.

పెట్టె మారితే ఇంజనుకు అతికే బెల్ హౌసింగు కుదరాలి. షాఫ్టు పొడవు మార్చి, బ్యాలెన్సు చేయించాలి. కిందనుండే మౌంటింగూ జరపాలి. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను మార్పులకు హద్దులు పెట్టింది గనుక ముందు రవాణా కార్యాలయంలో అడగడం మేలు. ఈ ఖర్చంతా చూస్తే లోడు బండికి కొత్త క్లచ్చి ప్లేటే చవకని ఈ విలేఖరికి తోస్తోంది.

మరొకటి. కాలువ గట్టున బ్యాటరీ దిగిపోతే నలుగురూ కలిసి నెట్టి స్టార్టు చేయడం మనకు అలవాటు. ఆటోమేటిక్ బండి సాధారణంగా అలా స్టార్టు కాదు. మరో బ్యాటరీ వచ్చేదాకా మొక్కలు ఎండలోనే.