అత్యవసర వేళ రోగి ఆశించేది ఏమిటి?

కొన్నేళ్ల క్రితం ఒక రాత్రి మా నాన్నగారికి ఛాతీలో నొప్పి రాగా పట్టణంలోని ఒక ఆసుపత్రికి తీసుకొనివెళ్లాము. వెంటనే ఇ.సి.జి. తీశారు, రక్తం తీసుకున్నారు, సూదిమందు ఇచ్చారు. చికిత్సలో లోపమేమీ లేదు. అయినా మంచంపై నుండి ఆయన నన్ను పదే పదే అడిగిన ప్రశ్న ఒక్కటే: "నాకేమైందంటున్నారురా?" రెండు గంటల వరకు ఆయనకు ఆ మాట చెప్పిన వారు లేరు.

బాధ తగ్గాలన్నది రోగి మొదటి కోరిక. దాని వెన్నంటి ఉండేది భయం. తనకేమైనదో, ఏమి చేస్తున్నారో, ఇంకెంతసేపు ఆగాలో తెలియనప్పుడు అది రెట్టింపవుతుంది. అత్యవసర విభాగంలో వచ్చిన వరుసను బట్టి కాక, ప్రాణాపాయాన్ని బట్టి చూస్తారు. ఆ సంగతి చెప్పకపోతే, వెనుక వచ్చిన వారిని ముందుగా లోనికి పిలిచినప్పుడు మిగిలినవారికి ఆగ్రహం కలగడం సహజమే.

చరక సంహిత సూత్రస్థానం 9వ అధ్యాయం చికిత్సకు నాలుగు పాదాలను చెప్పినది: వైద్యుడు, ఔషధం, పరిచారకుడు, రోగి. రోగికి ఉండవలసిన గుణాలలో నిర్భయత్వం ఒకటి, తన బాధను వివరించగలగడం మరొకటి. పరిచారకునికి నేర్పు, శుచిత్వములతోపాటు అనురాగం కూడా ఉండాలన్నది. అర్ధరాత్రి ఆసుపత్రిలో రోగికి నిర్భయత్వం తనంత తాను రాదు. పరిచారకుని అనురాగమే దానిని తెచ్చి ఇవ్వాలని నా అభిప్రాయం.

ఇక వివరించే భారం ఇంటివారిది. రొప్పుతున్న మనిషి ఏమి చెప్పగలడు? బాధ ఎన్ని గంటలకు మొదలైనదో గుర్తుంచుకొని చెప్పండి. మెదడు రక్తనాళంలో గడ్డ అడ్డుపడి వచ్చే పక్షవాతానికి గడ్డను కరిగించే మందును సాధారణంగా 4.5 గంటలలోపే ఇవ్వవలసి ఉంటుంది. వాడుతున్న మందుల చీటీలన్నీ వెంట తీసుకొనివెళ్లండి. డాక్టరుగారు కోప్పడతారని ఆయుర్వేద మందుల సంగతి దాచేవారు మన పాఠకులలోనూ ఉన్నారు. అది ప్రమాదకరం. అతిమధురం ఎక్కువగా, చాలా రోజులు వాడితే రక్తంలో పొటాషియం తగ్గవచ్చు. మూత్రం జారీ చేసే మాత్రలు కూడా వేసుకొనేవారికి గుండె లయ తప్పే అవకాశం ఉన్నది. మూతి వంకరపోయిన వారికి, స్పృహ లేనివారికి కషాయం కాని, మంచినీళ్లు కాని నోట పోయరాదు. అవి ఊపిరితిత్తులలోకి పోవచ్చు. 108కి ఫోను చేయడమే అప్పటి ఉపచారం.

ఆ రాత్రి చివరకు ఒక నర్సు వచ్చి, నాన్నగారి చేయి పట్టుకొని, "గుండెకు రక్తం సరిగా అందడం లేదు తాతగారూ, అందుకే ఈ మందు ఎక్కిస్తున్నాము. నేను ఇక్కడే ఉంటాను" అన్నది. ఆయన శ్వాస కొంత నెమ్మదించినది. కాసేపటికి నన్ను దగ్గరకు పిలిచి అడిగారు: "మీ అమ్మ అన్నం తిన్నదా?"