రాగిరేకుపై గోదావరి లోయ

ముద్రిత ప్రకృతి దృశ్యాల ప్రస్తావన రాగానే థామస్, విలియం డేనియల్‌లు 1795 నుంచి 1808 వరకు వెలువరించిన ‘ఓరియంటల్ సీనరీ’ వంటి రంగుల చిత్రాలే గుర్తుకు వస్తాయి గాని, ఖమ్మం నుంచి భద్రాచలం దాకా పరచుకున్న కొండలనూ అడవులనూ గోదావరినీ కాగితం మీదికి తెచ్చిన మరొక ముద్రణ ఉంది. అది ఈస్టిండియా కంపెనీ 1827 నుంచి లండన్‌లో జాన్ వాకర్ చేత చెక్కించి విడుదల చేసిన ‘ఇండియన్ అట్లాస్’. దీనిని పటంగా మాత్రమే చూసి పక్కన పెట్టడం ఆనాటి పనివారికి అన్యాయం చేయడమే.

పనివాడు నున్నని రాగిరేకు మీద పదునైన ఉలితో ప్రతి గీతనూ, ప్రతి అక్షరాన్నీ అద్దంలో కనిపించినట్లు తిరగేసి చెక్కుతాడు. ఆపైన సిరా పూసి పైపైన తుడిచేస్తే గాడులలో మాత్రమే సిరా మిగులుతుంది; తడిపిన కాగితాన్ని పరిచి యంత్రంలో గట్టిగా నొక్కినప్పుడు ఆ సిరా కాగితానికి ఎక్కుతుంది. కొండలను చూపడానికి ‘హాష్యూర్లు’ అనే పొట్టి గీతలను వాలు దిగే దిశలోనే గీస్తారు. వాలు నిటారుగా ఉన్నచోట అవి లావై దగ్గర పడతాయి, చదును నేల దాదాపు తెల్లగానే మిగులుతుంది. అందువల్ల పాపికొండల ఇరుకు కనుమ నల్లబడుతుంది, ఎగువన భద్రాచలం దగ్గర నది ఒడ్డు తెరిపిగా కనిపిస్తుంది. అంగుళానికి నాలుగు మైళ్ల లెక్కన భద్రాచలం నుంచి దుమ్ముగూడెం దాకా ఉన్న దూరమంతా నాలుగంగుళాలలోపే ఇమిడిపోతుంది.

ఆ గీతల వెనుక ప్రాణనష్టం కూడా ఉంది. 1819లో కృష్ణా గోదావరుల నడిమి అడవులలో కొలతలకు దిగిన సర్వేయర్ జార్జ్ ఎవరెస్ట్ బృందాన్ని వానకాలపు జ్వరాలు కుదిపేశాయి. నడవలేని స్థితికి చేరిన వారిని హైదరాబాదుకు తరలించడానికి ఏనుగులను పంపవలసి వచ్చింది, పలువురు చనిపోయారు. ఎవరెస్ట్ సైతం ఆరోగ్యం కోసం 1820లో దక్షిణాఫ్రికాలోని కేప్‌కు వెళ్లాడు. పరికరాలు మోసినవారు, చూపుకు అడ్డొచ్చిన చెట్లు నరికినవారు ఎవరో పటం చెప్పదు.

పటానికి అందనివి ఇంకా ఉన్నాయి. భద్రాచలం రామాలయం ఈ కొలమానంలో ఒక చిన్న గుర్తును మించదు. చోటు మారుతూ సాగే కోయల పోడు వ్యవసాయం, ఏళ్ల తరబడి అదే రేకుతో ముద్రించే పద్ధతిలో ఇమడనే ఇమడదు.

సరిహద్దుల సంగతి వేరు. రాగిరేకును దిద్దాలంటే తప్పు ఉన్న చోట వెనుక నుంచి సుత్తితో కొట్టి లోహాన్ని పైకి తేల్చి, నున్నగా సానబట్టి, మళ్లీ చెక్కాలి. గోదావరి ఎడమ ఒడ్డున ఉన్న భద్రాచలం ప్రాంతం 1860లో నిజాం నుంచి బ్రిటిష్ పాలనలోకి వెళ్లింది, కొంతకాలం మధ్య పరగణాలలో ఉండి 1874లో మద్రాసు ప్రెసిడెన్సీ గోదావరి జిల్లాలో చేరింది. పద్నాలుగేళ్లలో రెండుసార్లు మారిన అలాంటి గీతను రేకు మీద సరిచేయాలంటే, రెండుసార్లూ సుత్తి, సాన, ఉలి పట్టక తప్పదు.