ఖతర్‌లో పాట.. అమెరికాలో కోత!

దోహాలోని వెస్ట్ బేలో అద్దాల టవర్ల మధ్య పగలంతా మా పని. పొద్దుగూకితే బస్సెక్కి సనయ్య క్యాంపుకు చేరతాం. శుక్రవారం వచ్చిందంటే మా గదే స్టూడియో. ఏసీ ఆపేసి, తలుపు సందుల్లో దుప్పట్లు కుక్కి ఫోన్‌లో పాట రికార్డు చేస్తాం. పాడేది పక్క గదిలో ఉండే స్టీల్ ఫిక్సర్ తమ్ముడు. డప్పు వాయించి పంపేది జగిత్యాల దగ్గర పల్లెలో ఉన్న అతని బావ. సైటులో సూపర్‌వైజర్లమే గానీ ఇక్కడ మాత్రం మేం కెమెరామెన్లం, లెక్కలు రాసేవాళ్లం.

ఛానల్‌కు యూట్యూబ్ డబ్బులు మొదలయ్యాయి. 200 డాలర్లు కనిపించేసరికి తమ్ముడు మురిసిపోయి బావకు సగం ఇస్తానని మాటిచ్చాడు. తీరా చేతికొచ్చింది 152. బావ ఫోన్ చేసి, ''నడిమిట్ల ఎవరు తింటున్నరు బామ్మర్దీ?'' అన్నాడు. తమ్ముడు మా వంక చూశాడు. లెక్క మా చేతిలో ఉంది మరి! ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు.

తిన్నది ఎవరూ కాదు. పన్ను ఫారం నింపకుండా వదిలేసిన తప్పు మాదే.

ఎందుకీ పన్ను?

ఖతర్‌లో జీతం మీద ఇన్‌కంటాక్స్ లేదు. అమెరికా మొహం మేం చూడలేదు. మరి అక్కడ పన్నేంటి? మన పాటను అమెరికాలో ఉన్నవాళ్లు చూస్తే వచ్చే ఆదాయాన్ని అక్కడి చట్టం రాయల్టీగా లెక్కేస్తుంది. 2021 జూన్ నుంచి యూట్యూబ్ ఆ పన్ను పట్టుకునే మిగతాది ఇస్తోంది. మన జానపదాలను అక్కడి తెలుగువాళ్లూ వింటారాయె!

మొత్తం 200 డాలర్లలో అమెరికా వాటా 50 అనుకోండి. ఫారం ఇవ్వకపోతే వ్యక్తిగత ఖాతాకు మొత్తం ఆదాయం మీద 24 శాతం, అంటే 48 డాలర్లు పోతాయి. డబ్ల్యూ-8బెన్ ఫారం ఇస్తే అమెరికా వాటా మీదే పన్ను. అమెరికాతో ఒప్పందం ఉన్న ఇండియాలో నివాసి అయితే 15 శాతం, ఏడున్నర డాలర్లు. ఖతర్‌కు అలాంటి ఒప్పందం లేదు కాబట్టి ఇక్కడుండే వారికి 30 శాతం, 15 డాలర్లు.

ఏ అడ్రసు రాయాలి?

''ఊరి అడ్రసు రాసేద్దాం, సగం మిగులుతుంది'' అన్నారు కొందరు. మనసు లాగిన మాట నిజం. కానీ పాస్‌పోర్టు ఏ దేశానిదన్నది కాదు, పన్ను లెక్కలో ఎక్కడ నివాసి అన్నదే అక్కడ ప్రశ్న. నెలా రెండు నెలల సెలవు తప్ప ఏడాదంతా ఇక్కడే కష్టపడే తమ్ముడు ఇండియా నివాసి కాడు. పైగా అబద్ధమైతే శిక్షకు సిద్ధమని ఒప్పుకొంటూ చేసే సంతకమది. ఏడున్నర డాలర్లకు ఆ సంతకం చేయించడానికి మాకు మనసొప్పలేదు. దోహా అడ్రసే రాయించాం.

ఛానల్ నిజంగా ఊళ్లో వాళ్లదే అయితే దారి వేరు. ఖాతా వాళ్ల పేరునే ఉండాలి, ఫారంలో వాళ్ల పాన్ నంబరు రాయాలి. 15 శాతమే పోతుంది. ఇండియాలో రిటర్ను వేసేటప్పుడు దానికి క్రెడిట్ కూడా అడగొచ్చు. కోసిన పన్నుకు ఏటా వచ్చే 1042-ఎస్ కాగితం దాచుకోవాలి. ఫారం కూడా ఒక్కసారితో అయిపోదు. సంతకం చేసిన ఏడాది తర్వాత మూడో ఏడాది డిసెంబరు 31తో గడువు తీరుతుంది. వీసా క్యాన్సిల్ చేసుకుని ఇంటికెళ్లిపోతే వెంటనే మార్చుకోవాలి.

బావకు కోత కాగితం ఫొటో తీసి పంపాం. కాసేపటికి ఫోన్ చేశాడు. ''నాకు ముందే చెప్పొద్దా అన్నా!'' అన్నాడు. నిజమే. మిత్రులారా, పాటకు ముందే ఫారం నింపండి. వాటాలు మాట్లాడుకునేటప్పుడు పన్ను పోగా మిగిలేదెంతో కూడా చెప్పుకోండి. పరాయి దేశంలో డబ్బులు పోతే మళ్లీ సంపాదించుకోవచ్చు, మనవాళ్ల నమ్మకం పోతే కష్టం!