మా వాడి ఎత్తు 118

సంక్రాంతి సెలవులకు పిల్లకాయల్ని చెన్నై ఆటల పార్కుకు తీసుకుపోతానని దసరానాడే మాట ఇచ్చేశాను. మాట జారడం నా పని. దాన్ని గుర్తుపెట్టుకోవడం మా ఆవిడ పని. మొన్న ఆదివారం భోజనాలు కాగానే కాగితం, కలం తెచ్చి నా ముందు పెట్టి, "ఊఁ, వేయండి మీ ప్లాను" అన్నది.

నెల్లూరు వాళ్ళకు సముద్రం కొత్త కాదు. పాతిక కిలోమీటర్లు పోతే మైపాడు. ఇసకలో పొర్లడం, తడిబట్టలతో ఇల్లు చేరి అవ్వచేత చీవాట్లు తినడం మా పిల్లలకు అలవాటే. ఊళ్ళోకి ఎగ్జిబిషన్ వస్తే రంగులరాట్నం సరేసరి. కాని ఆ రెండింటితో తృప్తిపడే రోజులు పోయాయి. పదకొండేళ్ళ మా అమ్మాయి ఫోనులో తలకిందులుగా పరుగెత్తే బండ్లను చూపించి, "ఇది ఎక్కాలి నాయనా" అని ఆరు నెలలుగా ప్రాణం తీస్తున్నది.

కాగితం మీద రెండు గీతలు గీశానో లేదో, ఏడేళ్ళ మా వాడు గుమ్మంలో నిలబడి, "నేను రాను నాయనా. మీరు పొయ్యి రండి. నేను అవ్వ కాడ వుంటా" అన్నాడు.

సెలవుల్లో ఊరికి రానన్న పిల్లకాయను మీరెక్కడైనా చూశారా? మా ఆవిడ నా వంక చూసింది. నేను కాగితం వంక చూశాను.

సంగతి చెప్పక తప్పదు. నిరుడు మే నెలలో ఒక పార్కుకు పోయాము. పేరెందుకు లెండి, తప్పు వాళ్ళది కాదు. ఎండలో ముప్పావు గంట వరసలో నిలబడ్డాక, ఆట దగ్గరున్న మనిషి మా వాణ్ణి ఒక కొలకర్ర పక్కన నిలబెట్టి, తల అడ్డంగా ఊపి పక్కకు జరిపాడు. అక్క లోపలికి పోయింది. వీడు నేలమీద పడి ఏడుపు. వెనక జనం. నాకు ఎండ, ఆకలి, వాటిని మించి సిగ్గు. అందరి ముందూ వీపుమీద ఒకటి వేశాను. నెల్లూరు చేరేదాకా వాడు నోరు విప్పలేదు. మర్నాటికి మరిచిపోయాడనుకున్నాను. మరిచిపోయింది నేను!

అంచేత ఈసారి పార్కు సంగతి తరవాత, ముందు టేపు తెమ్మన్నాను. ఇద్దర్నీ తలుపు చట్రానికి ఆనించి కొలిచి పెన్సిలు గీతలు పెట్టాను. అమ్మాయి 142 సెంటీమీటర్లు, వాడు 118. ఈ పార్కుల్లో లెక్కంతా ఎత్తుతోనే. పెద్ద ఆటల్లో చాలావాటికి 140 దాటాలి. టిక్కెట్టు ధర కూడా చాలా చోట్ల వయసునుబట్టి కాదు, ఎత్తునుబట్టే. మనం గేటు దగ్గర తెలుసుకునేది ఇంట్లోనే తెలుసుకుంటే సగం ఏడుపులు తప్పుతాయి.

వాణ్ణి దగ్గరికి పిలిచి, ఎందుకు ఎక్కనివ్వరో చెప్పాను. బండి తలకిందులైనప్పుడు మనిషిని పట్టి వుంచేది ఒళ్ళోకి వాలే కమ్మీ, భుజాలమీది పట్టీ. అవి పెద్దవాళ్ళ కొలతకు చేసినవి. చిన్న ఒళ్ళయితే సందులోంచి జారిపోతుంది.

"అయితే ఆయన నన్ను తిట్టలేదా?"

"లేదురా. నువ్వు పడతావని భయపడ్డాడు."

"మరి నువ్వెందుకు కొట్టావు?"

జవాబు దొరకలేదు. తప్పయిందిరా అన్నాను. ఆ ఒక్క మాటకు ఎనిమిది నెలలు పట్టింది. వాడు కొంచెంసేపు ఆలోచించి, టేపు చుట్టలో వేలు పెట్టి తిప్పుకుంటూ నా పక్కనే కూర్చున్నాడు.

ఇక ప్లాను. చెన్నైలో మనం అనుకునే పార్కులన్నీ ఊరికి దక్షిణాన వున్నాయి. ఇంజంబాక్కంలో వీజీపీ, ముట్టుకాడులో ఎంజీఎం డిజ్జీ వరల్డ్, తిరుప్పోరూరు వైపు 2025 డిసెంబరులో తెరిచిన వండర్లా. మనం పోయేదేమో ఉత్తరంనుంచి. నెల్లూరునుంచి సెంట్రల్ దాకా 175 కిలోమీటర్ల చిల్లర. మంచి రైలుకు మూడు గంటలు కూడా పట్టదు. మన ప్రాణం తీసేది ఆ తరవాత పట్నాన్ని ఈ కొసనుంచి ఆ కొసకు దాటడం. ఒకే రోజులో పోయి వద్దామంటే పిల్లలు ఆడేది తక్కువ, బండిలో నిద్రపోయేది ఎక్కువ. అడయారులో మా మరదలి ఇల్లు వుంది గనక రెండు రాత్రులు అక్కడే. (మరదలిని ఇంకా అడగలేదు. ఆ పని మా ఆవిడది.)

రోజు కుదుర్చుకోవడంలోనూ ఒక చిక్కు వుంది. మన ముక్కనుమనాడు వాళ్ళకు కాణుం పొంగల్. ఆనాడు చెన్నై జనమంతా సముద్రతీరంలోనే వుంటారు. ఆ దారిలో బండి కదలదు. అంచేత మన సెలవులు మొదలవగానే, తమిళ పిల్లలకు ఇంకా బడులుండగానే పోయి, భోగికి ఇల్లు చేరాలి.

వాల్ట్ డిస్నీ తన కూతుళ్ళను రంగులరాట్నం ఎక్కించి, తాను బల్లమీద కూర్చుని వాళ్ళను చూస్తూ, పెద్దలూ పిల్లలూ కలిసి ఆడుకునే చోటొకటి వుండాలని అనుకున్నాడట. 1955లో తెరిచిన డిస్నీలాండుకు అదే మొదలు. బల్లమీద కూర్చోవడం ఎంత కష్టమో ఆయనకు తెలుసు. మా ఇంట్లో బల్లకు ఇద్దరున్నారు: మోకాళ్ళ నొప్పుల మా అమ్మ, 118 సెంటీమీటర్ల మా వాడు.

అందుకే రైలు మానేసి బాడుగ కారు మాట్లాడాను. మొదటి రోజు దారిలో దొరవారిసత్రం దగ్గర నేలపట్టు. 1976నుంచి అది పక్షుల రక్షిత కేంద్రం. అక్టోబరునుంచి మార్చిదాకా నీళ్ళలో నిలిచిన చెట్ల మీద గూడబాతులు గూళ్ళు పెట్టి పిల్లల్ని లేపుతాయి. అక్కణ్ణుంచి సూళ్ళూరుపేట. శ్రీహరికోట రోడ్డు పులికాట్ సరస్సు మధ్యగా పోతుంది. రెండు పక్కలా ఫ్లెమింగోలు. రెండో రోజు పార్కు. అమ్మాయితో పెద్ద ఆటలకు మా ఆవిడ; వాడితో చిన్న ఆటలకు నేను. ఒకరికోసం ఒకరు వరసలో నిలబడనక్కరలేదు. మూడో రోజు పొద్దున ఇంజంబాక్కంలో 2019లో తెరిచిన వీజీపీ మెరైన్ కింగ్డమ్. గాజు సొరంగంలో మనం నడుస్తుంటే నెత్తిమీద చేపలు ఈదుతాయి. అవ్వా మనవడూ చెయ్యి పట్టుకుని పోవచ్చు.

"బాతుల్ని చూడ్డానికి ఎంత ఎత్తుండాల?" అన్నాడు వాడు. అవ్వ నవ్వి, తాను ఎత్తుకుంటానన్నది. వాడు బరువెంతో ఆమెకు తెలియదు.

నీళ్ళ ఆటలకు నూలు బట్టలు ఒప్పుకోరు, నైలాను బట్టలే కావాలంటే మా అమ్మ విస్తుపోయింది. పార్కులోకి ఇంటి తిండి కూడా రానివ్వరన్నాక ఆమెకు నిజంగానే కోపం వచ్చింది. "బిడ్డలకు పులిహోర పెట్టనీకుండా అదేం పార్కురా అబ్బయ్యా!" చివరికి పులిహోర నేలపట్టులో తినేటట్టు రాజీ కుదిరింది. ఆకులూ కాగితాలూ మళ్ళీ సంచిలోనే వెనక్కి రావాలని మా అమ్మాయి షరతు.

నిన్న రాత్రి సంచులు సర్దుతుంటే, తలుపు చట్రం మీద నేను పెట్టిన గీతకు పైన, వేలెడు ఎత్తున ఇంకో గీత కనబడింది. మునివేళ్ళమీద నిలబడి వాడే గీసుకున్నాడని అక్క చాడీ చెప్పింది. నేను తుడవలేదు.