ఆటలో ‘లెవెల్’ ఎందుకు పెంచాలి? ఎంతసేపు పెంచాలి?

సరిహద్దు గ్రామాల ఇళ్ళలో నేడు తరచు వినిపించే మాట ఒకటుంది: "ఇంకొక్క లెవెల్ అయ్యాక వస్తానమ్మా." అన్నం చల్లారిపోతుంది గాని లెవెల్ పూర్తి కాదు. విరించిపురం మొదలు గుడియాత్తం వరకు పాలారు చుట్టుపట్ల పల్లెల్లో ఈ మాట వినని తల్లి ఉండకపోవచ్చు. పిల్లవాడు ఫోనులో చేస్తున్నదేమిటా అని పెద్దలు తొంగి చూస్తే, కత్తి పట్టిన బొమ్మ ఒకటి అదే పొద దగ్గర అదే జంతువును మళ్ళీ మళ్ళీ కొడుతూ కనిపిస్తుంది. ఇందులో ఆట ఏముందన్న సందేహం సహజమే. దానికి సమాధానం వెదకవలసినది పిల్లవాడి సోమరితనంలో కాదు, ఆటను కట్టినవారి లెక్కల్లో.

ఈ కోవకు చెందిన ఆటలను రోల్‌ప్లేయింగ్ గేమ్‌లంటారు. వేషం కట్టి ఆడే ఆటలని చెప్పుకోవచ్చు. ఆడేవాడు కథలో ఒక వీరుడి పాత్రను ధరించి, ఊళ్ళు తిరిగి, శత్రువులను గెలిచి, చివరకు పెద్ద రాక్షసుణ్ణి ఎదుర్కొంటాడు. ఈ తీరు మన ప్రాంతీయులకు కొత్తదేమీ కాదు. చిత్తూరు, వేలూరు జిల్లాల్లో ద్రౌపదమ్మ గుళ్ళ వద్ద జరిగే భారత ఉత్సవాలను తలచుకుంటే చాలు. పగలు హరికథ, రాత్రి వీధినాటకం. ఒకనాడు అర్జునుడి వేషధారి తపస్సు మాను ఎక్కడం. చివరిరోజున నేలమీద మట్టితో మలచిన బ్రహ్మాండమైన దుర్యోధనుడి బొమ్మ వద్ద వధ. ఆ వధను రెండవనాడే కానిచ్చేస్తే చూడవచ్చిన జనం పెదవి విరుస్తారు. రెండు నెలలు సాగదీస్తే జనమే ఉండరు. ఏ ఘట్టం ఎప్పుడు రావాలి, నడుమ ఎంత విరామం ఉండాలి అన్న ఈ కొలతనే ఆటల తయారీదారులు పేసింగ్ అంటారు. కథ నడక అన్నమాట.

అర్జునుడి తపస్సు విషయమే చూడండి. పాశుపతం లేకుండా యుద్ధానికి పోరాదు కనుక తపస్సు అవసరం. నాటకంలో అది ఒక్క పూటలో ముగుస్తుంది. నటుడు మాను ఎక్కితే తపస్సు చేసినట్టే. వీడియో ఆటలో మాత్రం ఆ తపస్సును ఆడేవాడే చేయాలి. చిన్న శత్రువులను వందలసార్లు ఓడించి, అనుభవ పాయింట్లు కూడబెట్టి, తన వీరుడి ‘లెవెల్’ను ఒక్కొక్క మెట్టే పెంచుకోవాలి. ఈ పనికి గ్రైండింగ్ అని పేరు. ఆ మాట వింటే మన ఇళ్ళలో ఇడ్లీపిండి రుబ్బే గ్రైండరే స్ఫురిస్తుంది. పోలిక అంత తప్పు కూడా కాదు; తిరిగిన దారినే తిరగడం రెంటికీ సమానం. అయితే పిండి మెత్తబడినది లేనిదీ చేతికి తెలుస్తుంది. ఆటలో దానిని తెలిపేది తెరమీది అంకె ఒక్కటే.

ఈ అంకెల పద్ధతి కంప్యూటరుతో పుట్టలేదు. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ వెలువరించిన ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ కాగితం, పెన్సిలు, పాచికలతో ఆడే ఆట. అనుభవ పాయింట్లు, లెవెళ్ళు అన్న ఏర్పాటు అక్కడినుండే కంప్యూటరు ఆటలకు వచ్చింది. జపానులో 1986 మే 27న ఎనిక్స్ సంస్థ విడుదల చేసిన ‘డ్రాగన్ క్వెస్ట్’ దానిని ఇళ్ళలోని టీవీ ముందుకు తెచ్చింది. దాని రూపకర్త యూజీ హోరీ.

ఆ ఆటలోని లెక్క గమనింపదగినది. ఆరంభంలో ఎదురయ్యే స్లైమ్ అనే జీవిని ఓడిస్తే దక్కేది ఒకే ఒక్క పాయింటు. రెండవ లెవెల్‌కు 7 పాయింట్లు చాలు. మూడవదానికి మొత్తం 23, నాల్గవదానికి 47, అయిదవదానికి 110, ఆరవదానికి 220, ఏడవదానికి 450. చిట్టచివరిదైన ముప్పయ్యవ లెవెల్‌కు 65,535; రెండు బైట్ల జాగాలో దాచగల అతి పెద్ద అంకె అదే. మెట్టు మెట్టుకూ ఎత్తు పెరుగుతున్నది గనుక స్లైములనే నమ్ముకున్నవాడు ఎక్కడివాడక్కడే ఉండిపోతాడు. ఎక్కువ పాయింట్లు కావాలంటే వంతెన దాటి బలమైన శత్రువులున్న చోటికి పోవాలి. వంతెన వద్ద కాపలాదారు ఎవడూ లేడు. బలం చాలనివాడు రెండు దెబ్బలు తిని తానే వెనక్కి వస్తాడు. గోడ కట్టకుండా దారిని నియమించిన తీరు ఇది. ఆటలు కట్టేవారు నేటికీ దీనినే అనుసరిస్తున్నారు.

ఇందులో ఒక దయ కూడా ఉంది. శత్రువు చేతిలో పడిపోయిన వీరుడు తిరిగి రాజు ఎదుట లేస్తాడు. దగ్గరున్న బంగారంలో సగం పోతుంది, సంపాదించిన అనుభవం మాత్రం చెక్కుచెదరదు. ఓడినవాడి శ్రమ వృథా కాదు. వేళ్ళు చురుకుగా ఆడని పిల్లవాడు, అసలు ఆటలే ఎరుగని పెద్దమనిషి కూడా ఓపిక పడితే కథ చివర చూడగలడు. 1999లో అమెరికాలో వచ్చిన ‘ఎవర్‌క్వెస్ట్’ ఇందుకు విరుద్ధం. అందులో చనిపోతే కూడబెట్టిన అనుభవంలోనే కోత పడేది.

అయితే పెరిగేది ఎవరు? చదరంగం ఆడగా ఆడగా ఆడేవాడి బుద్ధి పదునెక్కుతుంది. గ్రైండింగ్‌లో పదునెక్కేది తెరమీది బొమ్మ. గుడియాత్తం మగ్గాల మీద లుంగీలు నేసేవారికి ఈ తేడా సులువుగా బోధపడుతుంది. వెయ్యిసార్లు నాడె నడిపితే గుడ్డా పెరుగుతుంది, చేయీ కుదురుతుంది. ఆటలో వెయ్యి స్లైములను కొట్టినవాడి చేతికి వేయి ఒకటవ స్లైమును కొట్టడం తప్ప కొత్త విద్యేమీ పట్టుబడదు. మంచి ఆటలో ఈ రుబ్బుడు కొంతసేపే ఉండి, కొత్త ఊరో కొత్త ఉపాయమో ఎదురై, బుద్ధికి పని పెడుతుంది. చెడ్డ ఆటలో రుబ్బుడే మిగులుతుంది.

దీనిని తగ్గించడానికి తయారీదారులు పలు ఉపాయాలు పన్నారు. 1995 నాటి ‘క్రోనో ట్రిగ్గర్’లో శత్రువులు చాలావరకు కంటికి కనిపిస్తారు, అక్కడక్కడా తప్పించుకొని పోవచ్చు; కథ ఆగకుండా సాగుతుంది. 2006లో వచ్చిన ‘ఆబ్లివియన్’ మరో దారి పట్టి, వీరుడి లెవెల్ పెరిగేకొద్దీ శత్రువులనూ పెంచింది. ఫలితం కొంత వింతగా పరిణమించింది. దారికాచే మామూలు దొంగ కూడా వీరుడితో సమానంగా ఖరీదైన కవచం తొడుక్కొని వచ్చేవాడు. తాను ఎదిగానన్న తృప్తి ఆడేవాడికి దక్కలేదని విమర్శలు వచ్చాయి. మనం పెరిగినంతా ఎలుకా పెరిగితే పిల్లిని పెంచి లాభమేమి?

అన్నిటికంటె ఆలోచింపజేసేది ‘వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్’ ఉదంతం. 2004 నవంబరులో విడుదలైన ఈ ఆటను తయారీ దశలో పరీక్షించినప్పుడు, కొంతసేపు ఆడిన పిదప వీరుడు అలసిపోయి, దక్కే అనుభవం తగ్గిపోయే నియమం ఉండేది. ఎక్కువసేపు ఆడేవారిని ఆపడమే దాని ఉద్దేశం. ఆడినవారికి అది శిక్షలా తోచి మండిపడ్డారు. తయారీదారులు దానినే తిప్పి చెప్పారు. ఆట ఆపి వీరుణ్ణి సత్రంలో పడుకోబెట్టి పోతే, తిరిగివచ్చాక కొంతమేరకు రెట్టింపు అనుభవం దక్కుతుందన్నారు. కోత అన్న మాట పోయి బహుమానం అన్న మాట వచ్చింది, ఫిర్యాదులు సద్దుమణిగాయి. మార్గబంధువన్న పేరుతో స్వామి కొలువైన విరించిపురం వారికి బాటసారి అలసట గురించి, సత్రం విలువ గురించి వేరే చెప్పనక్కరలేదు. ఆ ఆటలో విశ్రాంతి దండుగ కాకపోవడం మెచ్చదగినదే. కాని మాట మార్చినంత మాత్రాన మనసు ఇంత సులువుగా మారుతుందన్న సంగతి వ్యాపారులకూ తెలుసు.

ఇక్కడినుండి వ్యవహారం డబ్బు వైపు మళ్ళుతుంది. శ్రమ విసుగు పుట్టిస్తే, ఆ విసుగును తప్పించుకునే దారిని అమ్మవచ్చు. 2012లో ‘డయాబ్లో 3’ ఆటలో ఆయుధాలను నిజమైన డబ్బుతో కొనుక్కునే వేలం అంగడి తెరిచారు. శత్రువులను గెలిచి ఆయుధం సంపాదించడమే ఆ ఆటకు ప్రాణం. అంగడిలో కొనేస్తే ఇక గెలవడం దేనికి? తమ ఆటనే అది దెబ్బతీస్తున్నదని గ్రహించిన తయారీదారులు 2014 మార్చిలో దానిని మూసివేశారు. 2017 నాటి ‘షాడో ఆఫ్ వార్’లోనూ ఇదే జరిగింది. చివరి భాగంలో శ్రమ విపరీతం, పక్కనే డబ్బుతో కొనే పెట్టెలు. 2018లో ఆ అంగడిని తీసివేసి, చివరి భాగాన్ని కూడా సరిదిద్దారు. అంగడి పోయాక శ్రమను తగ్గించవలసి వచ్చిందంటే, మొదట దానిని అంతగా ఎందుకు పెట్టారో పాఠకులే ఊహించుకోగలరు.

ఫోనులో ఉచితంగా దొరికే ఆటల్లో ఈ పద్ధతి మరింత సున్నితంగా సాగుతుంది. 2020 సెప్టెంబరులో వచ్చిన ‘గెన్షిన్ ఇంపాక్ట్’లో కొన్ని బహుమతులు పొందాలంటే రెజిన్ అనే సరుకు ఖర్చవుతుంది. అది ఎనిమిది నిమిషాలకు ఒకటి చొప్పున తనంతట తాను నిండుతుంది. మొదట గరిష్ఠం 120, తరువాత 160, 2024లో 200 చేశారు. అంటే అడుగంటినది పూర్తిగా నిండడానికి ఇప్పుడు 26 గంటల 40 నిమిషాలు. రాత్రంతా రుబ్బకుండా ఇది ఆపుతుంది. అదే సమయంలో, నిండినది పొంగిపోకముందే ప్రతిరోజూ రావాలన్న ఆరాటమూ పెడుతుంది. ఆగలేనివాడు డబ్బుతో కొన్న రత్నాలు చెల్లించి కొంత నింపుకోవచ్చు. విరించిపురం గుడిలోని నీడ గడియారం ఎవరికోసమూ పరుగెత్తదు. ఈ గడియారం డబ్బిచ్చినవారికి పరుగెత్తుతుంది.

ప్రభుత్వాలు ఈ నడకలో జోక్యం చేసుకోకపోలేదు. చైనా 2007లో పిల్లలకు మూడు గంటలు దాటితే పాయింట్లు సగం, అయిదు గంటలు దాటితే సున్న అని నియమం పెట్టింది. అది చాలక 2021 సెప్టెంబరు నుండి పద్దెనిమిదేళ్ళలోపు వారికి శుక్ర, శని, ఆదివారాలు, సెలవుదినాల్లో రాత్రి ఎనిమిది నుండి తొమ్మిది వరకే ఆన్‌లైన్ ఆటలకు అనుమతి ఇచ్చింది. మన పార్లమెంటు 2025 ఆగస్టులో ఆమోదించిన ఆన్‌లైన్ ఆటల చట్టం డబ్బు ఒడ్డి డబ్బు గెలిచే ఆటలను నిషేధించింది. కేవలం లెవెల్ పెంచుకునే కథల ఆటలు ఆ కోవలోకి రావు. కనుక వాటి కాపలా ఇంటివారిదే.

ఆ కాపలాకు మొదట కావలసింది ఆట తీరు తెలియడం. "ఇంకొంచెం" అన్న మాట కొన్నిసార్లు నిజమే. చాలా ఆటల్లో సాధించినదాన్ని భద్రపరిచే చోట్లు ఎక్కడెక్కడో ఉంటాయి. వాటికి చేరకముందే ఫోను లాక్కుంటే గంట శ్రమ పోయి, పిల్లవాడు రేపు దానిని మళ్ళీ చేస్తాడు. భద్రపరిచే చోటు ఎంత దూరమో అడిగి, అక్కడ ఆపమనడం లాక్కోవడం కంటె ఫలిస్తుంది. "లెవెల్ అయ్యాక" అన్న గడువుకు మాత్రం ఒప్పుకోరాదు, పై మెట్టు ఎప్పుడూ కింది మెట్టుకంటె ఎత్తే కనుక. పెద్దల ఫోనులో ప్లే స్టోరు సెట్టింగులకు వెళ్ళి, ప్రతి కొనుగోలుకూ ధ్రువీకరణ అడిగేలా పెట్టుకోవాలి. ఆ సంకేతపదం, యూపీఐ పిన్ పిల్లలకు చెప్పరాదు.

ఎక్కువసేపు ఆడినంత మాత్రాన అది జబ్బు కాదు. ఆపాలనుకున్నా ఆపలేకపోవడం, తిండి, నిద్ర, చదువుకంటె ఆటే ముఖ్యం కావడం, నష్టం తెలిసీ కొనసాగించడం, సాధారణంగా ఏడాదిపాటు ఈ స్థితి ఉండడం: వీటిని 2022 జనవరి నుండి అమలైన ప్రపంచ ఆరోగ్య సంస్థ పట్టిక గేమింగ్ డిజార్డర్ అన్న పేరుతో గుర్తించింది. ఈ లక్షణాలు కనిపిస్తే వేలూరు సీఎంసీ వారి మానసిక వైద్య కేంద్రం బాగాయంలోనే ఉంది. బెంగళూరు నిమ్‌హాన్స్‌లో ఇటువంటి సమస్యలకే ప్రత్యేకించిన షట్ క్లినిక్ 2014లో ప్రారంభమైంది.