పేరే చిరునామా అయితే?

పంజగుట్టలో ఆటో ఎక్కి "పదో నంబరు రోడ్డుకు పోనివ్వు" అన్నారనుకోండి. ఆటో అతను వెంటనే బండి తీయడు. వెనక్కి తిరిగి "ఏ పది? బంజారా హిల్సా, జూబిలీ హిల్సా?" అని అడుగుతాడు. అతని అనుమానం న్యాయమైనదే. ఆ రెండు పేటలూ పక్కపక్కనే ఉన్నాయి. రెండింటిలోనూ రోడ్లకు నంబర్లే పేర్లు. పదో నంబరు రోడ్డు అక్కడా ఉంది, ఇక్కడా ఉంది. ముందు పేట పేరు చేర్చగానే చిక్కు విడిపోతుంది.

(ఆ నంబర్లు వరసగా వస్తాయనుకుంటే మాత్రం పొరపాటే. బంజారా హిల్స్‌లో పన్నెండో నంబరు రోడ్డు ఒకటో నంబరు రోడ్డు నుంచే చీలుతుంది. లెక్క పెట్టుకుంటూ వెతికేవారు ఊరంతా తిరగవలసిందే!)

ఇంటి నంబర్ల సంగతి కాస్త నయం. హైదరాబాదులో పాత పద్ధతి ఇంటి నంబరుకు మూడు భాగాలు ఉంటాయి. మొదటిది వార్డు, రెండోది బ్లాకు, మూడోది ఇల్లు. బంజారా హిల్స్‌లో చాలా గేట్ల మీద నంబరు 8-2 అని మొదలవుతుంది. అమీర్‌పేటలో 7-1 అని కనబడుతుంది. పెద్ద స్థలాన్ని ముక్కలు చేసినప్పుడల్లా చివర ఒక వాలుగీత, మరో నంబరు చేర్చుకుంటూ పోయారు. అందుకే కొన్ని నంబర్లు జానెడు పొడవుంటాయి. అయినా ఎడమ నుంచి కుడికి చదువుకుంటూ పోతే పెద్ద ప్రాంతం నుంచి చిన్న ప్రాంతానికి, అక్కడినుంచి గుమ్మం దాకా చేరుతాం. పేరులోనే దారి ఉంది!

మీ పరీక్ష ఫలితాలు చూపించే వెబ్‌సైటు లోపల కూడా సరిగ్గా ఇటువంటి ఏర్పాటే ఉంటుందంటే నమ్ముతారా?

వెబ్‌సైటును నడిపే ప్రోగ్రామును ఒకే పొడవాటి చిట్టాలా రాయరు. విద్యార్థి వివరాల పని ఒకచోట, మార్కుల పని ఒకచోట, ఫీజుల పని మరొకచోట విడదీసి రాస్తారు. ఇలా ఒక విషయానికి చెందిన సమాచారాన్నీ, దానితో చేయవలసిన పనులనూ కలిపి కట్టిన మూటను 'క్లాస్' అంటారు. మీరు కూర్చునే క్లాసుకూ దీనికీ సంబంధం లేదు లెండి! సాధారణంగా ఒక్కో క్లాస్‌ను ఒక్కో ఫైలులో ఉంచుతారు.

అన్ని మూటలూ మనమే కట్టుకోనక్కరలేదు. అందరికీ అవసరమయ్యేవి ముందే రాసి, ఒక చట్రంలా బిగించి ఇస్తారు. అదే 'ఫ్రేమ్‌వర్క్'. దానితోబాటు ఇంకెందరో రాసిన మూటలు వచ్చి చేరతాయి. చిన్న వెబ్‌సైటులో కూడా ఫైళ్లు వేలల్లో ఉంటాయి. ఇక్కడే రెండు చిక్కులు వస్తాయి.

మొదటి చిక్కు మనం ఆటోలో చూసిందే. మీరు 'యూజర్' అని ఒక క్లాస్‌కు పేరు పెట్టారు. ఎక్కడో జర్మనీలో కూర్చున్నాయన తన క్లాస్‌కూ అదే పేరు పెట్టాడు. రెండూ ఒకే ప్రోగ్రాములో కలిస్తే కంప్యూటర్ "ఈ పేరు ఇదివరకే ఉంది" అని ఆగిపోతుంది. 1995లో రాస్మస్ లెర్‌డార్ఫ్ విడుదల చేసిన పీహెచ్‌పీ భాషలో ఈ బాధ చాలాకాలం ఉండేది. జెండ్ ఫ్రేమ్‌వర్క్ రాసినవారు దీనికి ఒక ఉపాయం పన్నారు. ప్రతి పేరు ముందూ 'జెండ్' అని, తరువాత విభాగం పేరు, మధ్యలో అడుగుగీతలు పెట్టి బారెడు పేర్లు రాశారు. పని జరిగింది కాని, రాసేవారి వేళ్లు నొప్పిపుట్టాయి! 1996లో వచ్చిన జావా భాషలో పేర్లను 'ప్యాకేజీ'లుగా విడదీసే ఏర్పాటు పుట్టుకతోనే ఉంది. పీహెచ్‌పీకి అటువంటిది 2009లో, 5.3 రూపంలో వచ్చింది. దాని పేరు 'నేమ్‌స్పేస్'. అంటే పేట పేరు అన్నమాట. ఇప్పుడు మీ క్లాస్ 'యాప్\మోడల్స్\యూజర్' అవుతుంది, జర్మనీ ఆయనది మరో పేటలో ఉంటుంది. ఇద్దరికీ తగువు లేదు.

రెండో చిక్కు వేరు. పేరు తెలిసింది సరే, ఆ ఫైలును ఎవరు తెచ్చి ఇస్తారు? పూర్వం ప్రోగ్రాము మొదట్లోనే "ఈ ఫైలు తీసుకురా, ఆ ఫైలు తీసుకురా" అని చాంతాడంత జాబితా రాసేవారు. ఒకటి మరిచిపోతే పని ఆగుతుంది. అన్నీ రాస్తే అక్కరలేనివి కూడా మోయాలి. పైగా పీహెచ్‌పీలో మామూలుగా ఒక్కో పేజీ అడిగినప్పుడల్లా ప్రోగ్రాము మొదటినుంచి మొదలై, పేజీ ఇచ్చి ముగిసిపోతుంది. ఫలితాల రోజున లక్షమంది అడిగితే, లక్షసార్లూ అనవసరపు బరువు ఎత్తవలసిందే కదా!

దీనికి విరుగుడు 'ఆటోలోడింగ్'. ఆఫీసులో గుమాస్తా ఏం చేస్తాడు? రికార్డు గదిలోని కాగితాలన్నీ పొద్దున్నే బల్లమీద పేర్చుకోడు. అవసరమైనప్పుడు బంట్రోతును పిలిచి ఆ ఒక్క ఫైలు తెప్పించుకుంటాడు. పీహెచ్‌పీ కూడా తనకు తెలియని క్లాస్ పేరు ఎదురైతే వెంటనే చేతులెత్తేయదు. ముందుగా బంట్రోతుకు ఆ పేరు చెబుతుంది. 2004లో వచ్చిన ఐదో రూపంలో బంట్రోతు ఒక్కడే. 2006 నుంచి ఎందరినైనా వరసలో నిలబెట్టే వీలు కలిగింది. ఒకడికి దొరక్కపోతే రెండోవాడు వెతుకుతాడు.

మరి బంట్రోతుకు ఫైలు ఎక్కడుందో ఎలా తెలుస్తుంది? నాకు ఈ కథలో బాగా నచ్చింది ఇదే. అతనికి ఏ జాబితా అక్కరలేదు. పేరే చిరునామా! 2009లో చికాగోలో జరిగిన ఒక సమావేశంలో వేరువేరు ఫ్రేమ్‌వర్కుల వాళ్లు కలిసి, క్లాస్ పేరుకూ ఫైలు ఉండే చోటుకూ ఒకే నియమం ఉండాలని తలపెట్టారు. అలా వచ్చిన నియమాన్ని సవరించి 2013 చివర 'పీఎస్ఆర్-4' అని స్థిరపరచారు. 2012లో మొదట విడుదలైన 'కంపోజర్' అనే పనిముట్టు ఇప్పుడు ఈ నియమాన్ని మన తరఫున అమలు చేస్తుంది.

మనం చేయవలసింది ఒక్క వాక్యం రాయడం: "యాప్ అనే పేట 'యాప్' ఫోల్డరులో ఉంది." లారవెల్ అనే ఫ్రేమ్‌వర్కులో ఆ వాక్యం ముందే రాసి ఉంటుంది. ఇక 'యాప్\మోడల్స్\స్టూడెంట్' అని అడిగితే బంట్రోతు ముందు 'యాప్' అనే ముక్కను తీసి, దాని ఫోల్డరుకు వెళతాడు. మిగిలిన పేరులో వెనక్కి వాలిన గీతలను ఫోల్డర్ల మెట్లుగా మార్చుకుంటాడు. 'మోడల్స్' ఫోల్డరులోకి దిగుతాడు. అక్కడ 'స్టూడెంట్.పీహెచ్‌పీ' అనే ఫైలు తీస్తాడు. అంతే.

అయితే ఈ బంట్రోతు మహా చాదస్తుడు. అక్షరం తేడా వచ్చినా ఒప్పుకోడు.

ఇలా ఊహించుకోండి. అమీర్‌పేటలో మైత్రీవనం దగ్గర కోర్సు నేర్చుకున్న ఒక అబ్బాయి, తాను చదివిన బడికి ఫలితాల వెబ్‌సైటు చేసి ఇచ్చాడు. తన గదిలోని విండోస్ కంప్యూటర్ మీద పదిసార్లు పరీక్షించాడు. భేషుగ్గా నడిచింది. ఫలితాల రోజు ఉదయం దానిని లైనక్స్ సర్వరు మీదికి ఎక్కించాడు. పేజీ తెరిచిన ప్రతి పిల్లవాడికీ ఒకటే జవాబు: "స్టూడెంట్ అనే క్లాస్ దొరకలేదు."

ఫైలు అక్కడే ఉంది. అతను కళ్లారా చూస్తున్నాడు. మరి ఏమైంది? క్లాస్ పేరును ఇంగ్లీషులో పెద్ద 'ఎస్'తో రాశాడు, ఫైలు పేరును చిన్న 'ఎస్'తో. ఫైళ్ల పేర్లలో పెద్ద, చిన్న అక్షరాల తేడాను విండోస్ మామూలుగా పట్టించుకోదు. లైనక్స్‌కు అవి రెండు వేరువేరు పేర్లు. తెలుగు లిపిలో ఈ పెద్దా చిన్నా గొడవే లేదు కనుక మనకు ఆ తేడా చప్పున తట్టదు.

తప్పు తెలిశాక ఫైలు పేరులో పెద్ద అక్షరం పెట్టి మళ్లీ పంపాడు. అయినా అదే జవాబు! మార్పులను లెక్కగట్టి సర్వరుకు చేరవేసే 'గిట్' అనే పనిముట్టు, విండోస్ మీద అక్షరం సైజు ఒక్కటే మారితే దానిని మార్పుగా గుర్తించకపోవచ్చు. చివరకు ఫైలుకు 'తాత్కాలికం' అని వేరే పేరు పెట్టి ఒకసారి నమోదు చేశాడు, తరువాత సరైన పేరు పెట్టి మరోసారి నమోదు చేశాడు. రెండు మార్పులూ సర్వరుకు చేరాయి. ఈసారి బంట్రోతు తిన్నగా వెళ్లి ఫైలు తెచ్చాడు. అప్పటికి బడి గేటు దగ్గర పిల్లలు గోడకు అంటించిన కాగితం మీదనే తమ మార్కులు చూసేసుకుంటున్నారు.