తాతగారి పుస్తకంలో ఆ తొమ్మిదేంటి?

వసంత పంచమి వచ్చిందంటే బాసరలో ఇసుకేస్తే రాలదు. గోదావరిలో మునిగి, జ్ఞాన సరస్వతి సన్నిధిలో పిల్లల చేత పలక మీద తొలి అక్షరం దిద్దించడానికి ఎక్కడెక్కడి నుంచో వస్తారు. అలా మొదలైన చదువు డిగ్రీల దాకా సాగుతుంది. కానీ ఆ పిల్లల్నే ఇంట్లో అటక మీదున్న పాత పుస్తకం తీసి చదవమనండి... రెండో లైను దగ్గరే ఆగిపోతారు. అక్కడ 'ధమ౯ము' అని ఉంటుంది. మాట మధ్యలో ఆ తొమ్మిది ఏంటి?

అది అంకె కాదు, వలపలగిలక! వలపల అంటే కుడివైపు. కాడికి కుడిపక్క కట్టే ఎద్దును వలపటెద్దు అంటారే, ఆ మాటే ఇది. అక్షరానికి కుడివైపు రాసే ఈ గుర్తు 'ర్'కు బదులు. చిత్రమేంటంటే, రాసేది తర్వాత, పలికేది ముందు. 'ధమ౯ము' అంటే ధర్మము, 'కత౯' అంటే కర్త.

జపాన్‌లోనూ...

ఇలా ముందుకెళ్లిన కన్ను వెనక్కి రావడం జపాన్ వాళ్లకూ తెలుసు. పూర్వం అక్కడి పండితులు చైనా గ్రంథాలు చదివేవారు. చైనా భాషలో వరస 'చదువు పుస్తకం'. జపాన్ భాషలో మన తెలుగులాగే క్రియ చివరికొస్తుంది... 'పుస్తకం చదువు'. అందుకే అక్షరాల పక్కన బుల్లి గుర్తులు పెట్టుకున్నారు. కొక్కెంలాంటి గుర్తుంటే కింది అక్షరం ముందు చదివి, తర్వాత పైదానికి రావాలి. దూరం ఎక్కువైతే ఒకటి, రెండు అంకెలు వేస్తారు. వీటి పేరు కయెరితెన్. అక్కడి హైస్కూలు పిల్లలు ఇప్పటికీ వీటిని పాఠంగా నేర్చుకుంటారు.

గుర్తు మారితే అర్థం మారె!

మన పాత పుస్తకాల్లో మరో రెండు చిక్కులున్నాయి. ఒకటి అరసున్న. 'ఏడు' అంటే అంకె, 'ఏఁడు' అంటే సంవత్సరం. 'వాడు' అంటే వాడిపోవడం, 'వాఁడు' అంటే అతడు. రెండోది బండి ర. 'వేరు' చెట్టుది, 'వేఱు' అంటే మరొకటి. 'అరుగు' అంటే వెళ్లు, 'అఱుగు' అంటే జీర్ణమవడం. శబ్దరత్నాకరం లాంటి నిఘంటువులో మాట వెతకాలన్నా ఈ తేడా తెలియాలి.

పూజగదిలోని నమకం, చమకం పుస్తకంలో కనిపించే గీతల సంగతి వేరు. అవి స్వరాలు. అక్షరం కింద అడ్డగీత ఉంటే అనుదాత్తం, గొంతు తగ్గించాలి. పైన నిలువుగీత ఉంటే స్వరితం, పెంచాలి. రెండు నిలువుగీతలుంటే దీర్ఘ స్వరితం, పెంచి సాగదీయాలి. ఏ గీతా లేకపోతే ఉదాత్తం, మధ్యస్థాయిలో పలకాలి. ఇవి గురుముఖంగా విని నేర్చుకోవాల్సినవి. గీతలు గుర్తుచేయడానికే.

పాత రాతను మళ్లీ తెచ్చుకోమని ఎవరూ అనరు. వాడుక భాషలో అరసున్న లేకపోయినా మనకు లోటేం లేదు. కానీ చదవడమే రాకపోతే, తాతలు దాచిన పుస్తకం ఓ రోజు చిత్తుకాగితాల బండెక్కుతుంది. పెద్దవాళ్లు ఇంట్లో ఉండగానే దాన్ని కిందికి దించండి. పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని ఒక్క పేజీ చదివించమనండి. గట్టిగా నేర్చుకుంటే ఒక్క పూట పని!